ముందు కాగితాలు చూపించండి

రాత్రి పన్నెండు దాటింది. 2025 మే నెల. భావనపాడులో సముద్రం హోరు తప్ప మరో అలికిడి లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డెక్కి కూర్చున్నాయి. తెల్లారకుండా లేవాల్సిన పని లేకపోయినా, అలవాటు కొద్దీ పెందలాడే పడుకున్న ఇల్లది. ఫోను మోగింది. పెద్దకొడుకు తీశాడు.

‘‘అన్నా, నన్ను పోలీసోలు పట్టేసినారు. టెక్కలి కాడ. తాగి బండి తోలినానని...’’

అమ్మ లేచి కూర్చుంది. ‘‘ఏటైనాదిరా? ఎవల్నైనా గుద్దేసినాడేటి?’’

‘‘నేదంట.’’

ఆ ఒక్కమాటతో ఆమెకి సగం ప్రాణం తిరిగొచ్చింది. మిగతా సగం కోసం ఆ ఇల్లు మూడు వారాలపాటు లాయర్ల చుట్టూ తిరిగింది.

స్నేహితుడి పెళ్లి భోజనం. ముందు రెండు బీర్లు, ఆ తర్వాత ఎవరో బలవంతం చేస్తే ఇంకొంచెం. వెనక ఇంకో స్నేహితుణ్ని ఎక్కించుకుని మోటార్‌సైకిల్ మీద ఊరికి బయల్దేరాడు చిన్నాడు. టెక్కలి దాటకముందే తనిఖీ. గొట్టంలో ఊదమన్నారు. ఊదాడు. 86 అని వచ్చింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకి మించి ఆల్కహాలుంటే నేరమని మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను చెబుతుంది. అంటే దాదాపు మూడింతలు. బండి స్టేషన్లో పెట్టారు. పెద్దాసుపత్రిలో డాక్టరు చూశాడు. అన్న వెళ్లి సంతకం పెట్టి తెల్లారేసరికి ఇంటికి తీసుకొచ్చాడు. ఫలానా రోజు కోర్టుకి రావాలన్న కాగితం మాత్రం చేతిలో ఉండిపోయింది.

వినడానికి చిన్న కేసే. ఆ ఇంటికి మాత్రం కాదు. చిన్నాడి వయసు ఇరవై నాలుగు. చేపలూ ఐసు దిమ్మలూ మోసే చిన్న వ్యాన్‌కి డ్రైవరు. నాన్నకి కిడ్నీలు పోయి మూడేళ్లయింది. ఉద్దానం పక్కనున్న ఊళ్లలో ఈ మాట ఎవరికీ కొత్త కాదు. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించి, నాలుగు గంటలు బయట కూర్చుని, మళ్లీ బండి మీద జాగ్రత్తగా ఇంటికి తెచ్చేది చిన్నాడే. డయాలసిస్ అయ్యాక నాన్నకి నడవడానికి ఓపికుండదు. బస్సులో నిలబడటం అసలు కుదరదు. మరి లైసెన్సు పోతే?

డబ్బు సంగతి ఇంకో కథ. వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేలయింది. ఏప్రిల్ 26న మన జిల్లాలోనే, బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు ఆ పంపిణీ ప్రారంభించారు. పెద్దాడు బోటు మీద వెళ్తాడు కాబట్టి ఆ ఇంటికీ వచ్చింది. రెండు నెలలు పొయ్యి వెలగాల్సిన డబ్బది. తాగి వాహనం నడిపితే మొదటిసారి జరిమానా ఒకప్పుడు రెండు వేల లోపే. 2019 సెప్టెంబరు 1 నుంచి పది వేలు. లేదా ఆరు నెలల వరకు జైలు. లేదా రెండూ. మళ్లీ దొరికితే పదిహేను వేలు, రెండేళ్ల వరకు జైలు. పోలిస్తే పాత జరిమానా ఓ పూట ఖర్చులాంటిది. ఇప్పటిది ఆ ఇంట్లో సగం భృతి.

ఇంక లాయరు కావాలి. ఎవరు?

ఇక్కడే మన జనానికి అసలు చిక్కు. బట్టల కొట్టుకీ, ట్యూషన్‌కీ, ఆఖరికి పంటి డాక్టరుకీ గోడ మీద ప్రకటనలుంటాయి. లాయరుకి ఉండవు. ఉండకూడదు కూడా. న్యాయవాదులు ప్రకటనలిచ్చుకోవడం, కేసులు అడుక్కోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో నిషేధం. 2008లో మాత్రం పేరు, చిరునామా, చదువు, ఏ రకం కేసులు చూస్తారు వంటి కొద్ది వివరాలతో వెబ్‌సైటు పెట్టుకోనిచ్చారు. పద్ధతి మంచిదే. కానీ భావనపాడులో ఉప్పుగాలికి తుప్పుపట్టిన గేటు లోపల కూర్చున్న ఓ తల్లికి మంచి లాయరెవరో చెప్పేదెవరు? తెలిసినవాళ్లు చెప్పాలి. లేదా తెలిసినట్టు నటించేవాళ్లు.

మొదట వచ్చింది ఆ రెండో రకమే. స్టేషను ఎదురుగా టీకొట్టు దగ్గర తెల్లచొక్కా మనిషి. అన్న మొహం చూసి తనే పలకరించాడు. ‘‘డ్రంకెన్ డ్రైవేనా తమ్ముడూ? మనకి తెలిసిన లాయరుగారున్నారు. కోర్టుదాకా వెళ్లక్కర్లేదు, ఇక్కడే సెట్ చేసేద్దాం. పదిహేను పెట్టు’’ అన్నాడు. పదిహేను అంటే పదిహేను వేలు.

అన్న ఆ క్షణంలో నిజంగానే ఊగిపోయాడు. కోర్టు మెట్లెక్కడం కన్నా ఏదైనా నయమనిపించే ఘడియ అది. కానీ ఆ తెల్లచొక్కా చెప్పింది చట్టప్రకారం జరిగే పని కాదు. హెల్మెట్ లేదనో, వేగంగా వెళ్లావనో రాస్తే అక్కడికక్కడే చలానా కట్టి బయటపడొచ్చు. తాగి నడిపిన కేసు అలా రాజీకి కుదిరే జాబితాలో లేదు. మేజిస్ట్రేటు ముందుకి వెళ్లి తీరాలి. కాబట్టి స్టేషన్లోనే అయిపోతుందని ఎవరన్నా అంటే... ఒకటి, అతనికి తెలియదు. లేదా తెలిసీ డబ్బు గుంజుతున్నాడు. ఇలా లాయర్లకీ కక్షిదారులకీ మధ్య కమీషను తిని బతికేవాళ్లని చట్టం ‘టౌట్లు’ అంటుంది. వీళ్ల గురించి బ్రిటిష్ వాళ్లు 1879లోనే చట్టం రాశారు. 2023లో దాన్నే న్యాయవాదుల చట్టంలోకి తెచ్చారు. నూట నలభై ఏళ్లకు పైగా చట్టం వాళ్ల వెనకే పరిగెడుతోందన్నమాట! మన ఉత్తరాంధ్ర పాఠకులకి వాళ్లు కొత్తేం కాదు. విశాఖలో లాయరుగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ రాసిన నాటికే కోర్టు ఆవరణల్లో అలాంటివాళ్లు కావాల్సినంత మంది. అప్పుడు మద్యనిషేధం కేసులు, ఇప్పుడు తాగి నడిపిన కేసులు. అంతే తేడా.

అన్న దగ్గర పదిహేను వేలు లేవు కాబట్టి ఆ గండం గడిచింది. ఉంటే ఏమయ్యేదో అతనే చెప్పలేడు.

రెండో లాయరుని మేనమామ చూపించాడు. శ్రీకాకుళంలో పేరున్న ప్లీడరు. మేనమామ జీడితోట తగాదా పదకొండేళ్లు నడిపి గెలిపించాడట. పెద్ద ఆఫీసు, గోడల నిండా లావుపాటి పుస్తకాలు, బయట బెంచీ మీద ఇరవైమంది. వీళ్ల వంతు వచ్చేసరికి మధ్యాహ్నం. ఆయన కాగితాలు చూడలేదు. ఫైలు జూనియర్ చేతికిచ్చి, మేనమామతో తోట కౌలు గురించి మాట్లాడాడు. చివర్లో ఒక్క ప్రశ్న వేశాడు.

‘‘వెనక కూర్చున్నవాడు తాగాడా?’’

‘‘నేదండి. ఆడు తాగడు.’’

‘‘ఇంకేం మరి! వాడే తోలుతున్నాడని చెప్పిద్దాం. మనవాడు వెనకున్నాడు. పోలీసులు పొరపాటున రాశారు. కేసు కొట్టేస్తారు. పాతికవేలు సిద్ధం చేసుకోండి.’’

బస్సులో తిరిగొస్తుంటే మేనమామ మొహం వెలిగిపోతోంది. ‘‘సూసినారా, నిమిషంలో దారి సూపించినాడు. అదీ లాయరంటే!’’ అన్న కూడా తలూపాడు. చిన్నాడు మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక అమ్మతో ఒక్క మాటన్నాడు. ‘‘ఆడికి లైసెన్సు నేదమ్మా.’’

తాగని స్నేహితుడు అబద్ధం చెప్పడానికి ఒప్పుకున్నా, లైసెన్సు లేకుండా నడిపిన నేరం వాడి మెడకి చుట్టుకుంటుంది. ఆ సంగతి ఆ పెద్ద లాయరు అడగనే లేదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం వేరే నేరం. అదింకా పెద్దది.

దేశమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 1999 జనవరిలో ఢిల్లీలో తెల్లవారుజామున ఓ బీఎండబ్ల్యూ కారు ఆరుగుర్ని బలితీసుకుంది. కారు నడిపింది బాగా డబ్బున్న ఇంటి కుర్రాడు. అతని తరఫున నిలబడింది మామూలు లాయరు కాదు, రాజ్యసభ సభ్యుడిగా కూడా పనిచేసిన సీనియర్ న్యాయవాది. 2007లో ఓ టీవీ ఛానల్ రహస్య కెమెరాతో తీసిన దృశ్యాలు బయటపెట్టింది. అందులో ఓ ముఖ్యసాక్షిని తమవైపు తిప్పుకునే ప్రయత్నం. ఢిల్లీ హైకోర్టు 2008లో ఆ న్యాయవాదిని కోర్టు ధిక్కారం కింద దోషిగా తేల్చి, నాలుగు నెలలు ఆ కోర్టులోనూ దాని కింది కోర్టుల్లోనూ హాజరు కాకూడదంది. 2009లో సుప్రీంకోర్టు అది సరైనదే అంది. కుర్రాడికి శిక్ష తప్పిందా? తప్పలేదు. ఎంత పెద్ద లాయరయితే అంత గట్టిగా కాపాడతాడనుకునే మన నమ్మకానికి ఆ కేసు అడ్డంగా నిలబడి ఉంది.

ఇంతకీ మూడో లాయరు సంగతి.

ఆమెని చూపించింది టెక్కలి మార్కెట్లో చేపలమ్మే ఓ పెద్దావిడ. కూతురి మనోవర్తి కేసు ఆవిడే చూసిందట. ‘‘ఆయమ్మ కాడికెల్లు. ఎక్కువ మాటాడదు. డబ్బులకి కాగితం రాసిస్తాది’’ అని అమ్మకి చెప్పింది. డబ్బులకి కాగితం, అంటే రసీదు. లాయరు రసీదు ఇస్తుందన్న మాట అమ్మకి వింతగా తోచింది. అదే ఆమెని ఆ మెట్లెక్కించింది కూడా.

కోర్టుకి దగ్గర్లోనే చిన్నగది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, తిరుగుతూ కిర్రుమనే ఫ్యాను. నలభై ఏళ్లావిడ. నమస్కారాలయ్యాక అడిగిన మొదటి మాట: ‘‘ముందు కాగితాలు చూపించండి.’’

పది నిమిషాలు ఎవరితో మాట్లాడకుండా చదివింది. తర్వాత చిన్నాడివైపు తిరిగింది. ‘‘బాబూ, మీ అమ్మ ముందు చెప్పడానికి సిగ్గయితే ఆమెని బయట కూర్చోమంటాను. నిజం చెప్పు. ఎంత తాగావు? ఎన్నింటికి తాగావు? నాతో చెప్పింది నేను బయట చెప్పను, చెప్పమని కోర్టు కూడా నన్ను బలవంతపెట్టదు.’’ అది ఆమె మంచితనం మాత్రమే కాదు. కక్షిదారు చెప్పిన రహస్యం న్యాయవాది బయటపెట్టకూడదన్నది సాక్ష్యాల చట్టంలోనే ఉంది. బ్రిటిష్ కాలంనాటి చట్టంలోనూ ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది.

అమ్మ బయటికెళ్లలేదు. చిన్నాడు చెప్పాడు. రెండు బీర్లు కాదట, మూడట. పైన ఇంకొంచెం బ్రాందీ.

ఆ తర్వాత ప్రశ్నల వర్షం. ఊదినప్పుడు మెషిను నుంచి కాగితం వచ్చిందా? దానిమీద నీ పేరుందా, టైముందా? ఊదడానికి కొత్త గొట్టం పెట్టారా? పట్టుకున్నది ఎన్నింటికి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఎన్నింటికి? ఇదివరకు ఎప్పుడైనా దొరికావా? నీ లైసెన్సు బండికేనా, వ్యాన్‌కి కూడానా? ఆ చివరి ప్రశ్న దగ్గర ఆమె కాస్త ఆగి ఏదో రాసుకుంది.

ఈ ప్రశ్నలన్నీ ఊరికే అడిగినవి కావు. ఈ నేరంలో పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. కానీ అరెస్టయిన రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలెయ్యాలి. చట్టంలో స్పష్టంగా ఉన్న మాట ఇది. నోట్లోంచి వాసనొచ్చింది, తూలుతున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి అని రాసినంత మాత్రాన తాగినట్టు రుజువు కాదని, రక్తమో మూత్రమో పరీక్ష కావాలని మహారాష్ట్రకి చెందిన ఓ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. తర్వాత వచ్చిన 1988 చట్టం ఊదే యంత్రం చూపించే అంకెని నేరుగా నేరానికి కొలత చేసింది. అందుకే ఇప్పుడు వాదనంతా ఆ కాగితం ముక్క చుట్టూ తిరుగుతుంది. ఎవరిది, ఎన్నింటిది, యంత్రం సరిగా ఉందా అని.

ఆమె కాగితాల్ని మళ్లీ మడతపెట్టి ఇచ్చేసింది.

‘‘అమ్మా, ఇందులో నాకు లొసుగేమీ కనబడలేదు. పేరుంది, టైముంది, డాక్టరు పరీక్ష గంటలోపే అయింది. ఉంటే పోట్లాడేదాన్ని. లేదని తెలిసీ పోట్లాడదామంటే మీతో రెండేళ్లు వాయిదాలు తిప్పిస్తాను, ప్రతి వాయిదాకీ మీ అబ్బాయి ఒకరోజు కూలి పోగొట్టుకుంటాడు. చివరికి వచ్చేది ఇదే.’’

‘‘మరి మీరేటి సేస్తారమ్మా?’’ అన్న గొంతులో కొంచెం వెటకారం. లొసుగు లేదని చెప్పడానికి లాయరెందుకన్నట్టు.

‘‘జైలు పడకుండా చూడమని అడుగుతాను. మొదటిసారి, ప్రమాదమేం జరగలేదు, తండ్రికి డయాలసిస్. ఆసుపత్రి కాగితాలన్నీ పెడతాను. లైసెన్సు మాత్రం కనీసం ఆరు నెలలు పోతుంది. అది జడ్జిగారి దయ కాదు, చట్టమే అలా ఉంది. కానీ ఒకటి అడిగి చూడొచ్చు. లైసెన్సు రద్దు అన్ని రకాల వాహనాలకీ చేయొచ్చు, ఫలానా రకానికే అని కూడా చేయొచ్చు. దొరికింది మోటార్‌సైకిల్ మీద. దానికే పరిమితం చేసి వ్యాన్ వదిలెయ్యమని అడుగుతాను. ఇస్తారని మాత్రం మాటివ్వలేను.’’

బండి మీద దొరికితే వ్యాన్ లైసెన్సుకేంటి ముప్పు అనుకుంటూ వచ్చిన ఇల్లది. మూడు వారాల్లో మొదటిసారి ఎవరో వాళ్లకి అసలు ముప్పు ఎక్కడుందో చూపించారు.

ఫీజు మూడువేలంది. అందులో వకాలత్తు మీద అంటించే స్టాంపులూ కలిసే ఉన్నాయంది. ‘‘గెలిస్తేనే ఇవ్వండి, సగం ఇప్పుడు సగం పనయ్యాక అనే మాటలు ఎవరన్నా చెబితే నమ్మకండి. ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవడం మాకు నిషేధం’’ అని కూడా చెప్పింది. ‘‘ఈ మూడువేలూ భారమైతే కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవాధికార కమిటీ ఉంది. అర్హతుంటే లాయర్ని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.’’

తన ఫీజు వదులుకుని ఉచిత లాయరు దగ్గరికి దారి చెప్పే లాయరు కూడా ఉంటుందా అని అమ్మ ఆశ్చర్యపోయింది. అన్నకి మాత్రం ‘ఉచితం’ అనగానే మొహం మాడింది. రేషన్ బియ్యంలాగా ఉంటాడేమో ఆ లాయరు అని! ఈ అపనమ్మకం ఒక్క భావనపాడుది కాదు. పేదరికం వల్ల ఏ పౌరుడికీ న్యాయం అందకుండా పోకూడదని రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేర్చింది 1976లో. దానికోసం చట్టం వచ్చింది 1987లో. అమల్లోకి వచ్చింది 1995లో. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. ఇతరులకి ఆదాయ పరిమితి ఉంటుంది. 2022 నుంచి చాలా జిల్లాల్లో కేవలం నిందితుల తరఫున పనిచేయడానికే జీతమిచ్చి లాయర్లని పెట్టారు. వాళ్లలో మెరికల్లాంటి వాళ్లున్నారు, నామ్‌కేవాస్తే వాళ్లూ ఉన్నారు. డబ్బు తీసుకునేవాళ్లలో మాత్రం లేరా?

ఆ రాత్రి ఇంట్లో పెద్ద తగువు. మేనమామ శ్రీకాకుళం ప్లీడరే కావాలన్నాడు. ‘‘ఆడమనిసి, చిన్నగది, ముందే ఓడిపోయినట్టు మాటాడతంది. పాతికవేలు నాను అప్పు పెడతాను’’ అన్నాడు. అన్న కూడా అటే మొగ్గాడు. వ్యాన్ లేకపోతే నెలకి వచ్చే జీతం పోతుంది. పోర్టు వస్తే పెద్దబండి డ్రైవరు పని దొరుకుతుందని చిన్నాడి ఆశ. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఆ తీరంలో కుర్రాళ్లందరి ఆశా అదే. శిక్షపడిన కాగితం అక్కడ అడ్డొస్తుందేమోనని అన్న భయం. కొట్టేయించగలిగితే అసలు మచ్చే ఉండదుగా!

నాన్న అప్పటిదాకా మాట్లాడలేదు. మంచం మీద నుంచి చిన్నాణ్ని పిలిచాడు.

‘‘తాగినావా?’’

‘‘తాగినాను నాన్నా.’’

‘‘మరి ఆ గుంటడి మీదెందుకురా పెడతారు?’’

ఆ గుంటడంటే, వెనక కూర్చున్న స్నేహితుడు. అక్కడితో పాతికవేల మాట ఆగింది. ఒప్పుకుని ఆగింది కాదు. నాన్న మాటకి ఎదురు చెప్పలేక ఆగింది. మేనమామ భోజనం చేయకుండా వెళ్లిపోయాడు.

వకాలత్తు మీద సంతకం పెట్టేటప్పుడు లాయరమ్మ దాన్ని చదివి వినిపించింది. ఖాళీ కాగితాల మీద సంతకాలు అడగలేదు. కేసు నంబరు రాసిచ్చి, ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ దించుకుంటే వాయిదా ఎప్పుడో తనని అడక్కుండానే చూసుకోవచ్చని చిన్నాడికి నేర్పింది. ‘‘నేను నచ్చకపోతే మార్చుకోవచ్చు. నా దగ్గర అభ్యంతరం లేదని రాయించుకుని వెళ్లండి, ఫైలు ఇచ్చేస్తాను’’ అంది. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు అట్టే పెట్టుకునే హక్కు లాయరుకి లేదని 2000లోనే సుప్రీంకోర్టు తీర్పుంది. పాపం, ఆ తీర్పు తెలియక ఎన్ని ఫైళ్లు ఎన్ని బీరువాల్లో మగ్గుతున్నాయో!

వాయిదా రోజు వచ్చింది. వేట నిషేధం ముగిసి వారమైంది. అన్న బోటు మీద వెళ్లిపోయాడు కాబట్టి అమ్మే తోడెళ్లింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో నిలబడ్డ చిన్నాడిలాంటి వాళ్లు ఇంకా తొమ్మిదిమంది. ఒకాయన పంతులుగారిలా ఉన్నాడు. చాలామంది వెంట లాయరు లేడు. పిలిచారు, ఒప్పుకున్నారు, కట్టారు, వెళ్లారు.

ఇలాంటి చోట్ల ఒక్కో కోర్టు ఒక్కో దారి చూసుకుంటోంది. హైదరాబాద్‌లో దొరికినవాళ్లు కోర్టుకి ముందు ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కి వెళ్లాలి. 2017 డిసెంబరు 31 రాత్రి పట్టుబడ్డ ఓ పేరున్న టీవీ యాంకర్ కూడా తండ్రితో కలిసి వెళ్లాడు. అతనికి 2,100 రూపాయల జరిమానా పడింది, లైసెన్సు మూడేళ్లు పోయింది. విశాఖలో 2023లో యాభైమందికి పైగా మందుబాబుల చేత బీచ్ శుభ్రం చేయించారు. నవ్వొస్తుంది కానీ, బీచ్‌లో చెత్త ఏరినవాళ్లకి నవ్వు రాలేదు.

చిన్నాడి పేరు పిలిచారు. ‘‘తాగావా?’’ ‘‘తాగినానండి.’’ లాయరమ్మ లేచి తండ్రి ఆసుపత్రి కాగితాలు అందించింది. మొదటి నేరమని, జీవనాధారం వ్యాన్ అని, రద్దు మోటార్‌సైకిల్‌కే పరిమితం చేయాలని అడిగింది. రెండు నిమిషాలు పట్టిందేమో. జడ్జిగారు ఆసుపత్రి కాగితాలు తిరగేశారు. ఒకసారి చిన్నాడి వైపు చూశారు.

‘‘మోటార్‌సైకిల్ మీద తాగినవాడు వ్యాన్ మీద తాగడని నమ్మకమేమిటమ్మా?’’

జైలు వెయ్యలేదు. జరిమానా పదివేలు. లైసెన్సు ఆరు నెలలు, అన్ని వాహనాలకీ.

బయటికొచ్చాక లాయరమ్మ చెప్పింది, పైకోర్టుకి వెళ్లొచ్చు, కానీ అక్కడ తేలేలోగా ఆరు నెలలు గడిచిపోతాయని. అమ్మ పైటకొంగు ముడి విప్పి, లెక్కపెట్టి కట్టింది. వేట నిషేధం డబ్బే అది.

సాయంత్రం బోటు దిగిన అన్నకి సంగతి తెలిసింది. వల దులుపుతూ, ‘‘పాతికవేలు పెట్టుంటే వ్యాన్ ఉండేదేమో’’ అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఇంకా ఉంది. పండక్కి మేనమామ వచ్చినా వస్తుంది. నెలాఖర్న డబ్బులు చాలకపోయినా వస్తుంది. ఉండేదేమో, ఊడేదేమో! అబద్ధం చెప్పి ఉంటే స్నేహితుడి మీద ఏ కేసు పడేదో, అదీ ఎవరికి తెలుసు? తేలని లెక్క అది. శ్రీకాకుళం ప్లీడరు మేనమామ తోట మాత్రం నిజంగానే గెలిపించాడు, అది కూడా కాదనలేని సంగతే.

వ్యాన్ ఓనరు ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నాడు. చిన్నాడు ఐసు దిమ్మలు ఎక్కించే పనికి వెళ్లాడు, సగం కూలికి. పలాసకి మొదట్లో పక్కింటి ఆటో మాట్లాడారు. రెండు వారాలకే డబ్బులు సరిపోలేదు. తర్వాత బస్సే. డ్రైవరు వెనక సీటు పట్టుకోవడానికి చిన్నాడు బస్సు ఆగకముందే పరిగెత్తి ఎక్కి తువ్వాలు వేస్తాడు. తర్వాత దిగి, నాన్నని రెండు చేతులతో పట్టి ఎక్కిస్తాడు. కండక్టరుకి అలవాటైపోయింది. వీళ్లు కూర్చునేదాకా విజిల్ వెయ్యడు.

ఆరో నెల వచ్చేసరికి శీతాకాలం. నౌపడ దగ్గర ఉప్పు మళ్లు, ఆ పక్కన తంపరలో నీళ్లు. తేలినీలాపురం చింతచెట్ల మీదికి విదేశీ పక్షులు వచ్చి గూళ్లు కట్టే కాలం. నాన్న ఇన్నాళ్లూ బండి మీద, చిన్నాడి వీపుకి మొహం ఆనించి కళ్లు మూసుకుని వెళ్లేవాడు. బస్సు కిటికీలోంచి చూసి, ‘‘గూడబాతులొచ్చేసినాయిరా’’ అన్నాడు.

లైసెన్సు తెచ్చుకోవడానికి ఇంకా పదకొండు రోజులుంది. చిన్నాడు ఫోన్లో తేదీ చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.